అనంతగిరి ఘాట్‌లో మమ్మల్ని ఆదుకున్నవాళ్ళకు

అందరికీ నమస్కారం. డిసెంబరులో అరకు నుంచి దిగుతూ అద్దె కారుతో నేను చేసిన నిర్వాకం మా అపార్ట్‌మెంట్‌లో సగం మందికి తెలుసు. లిఫ్టులో ఎవరు కనిపించినా “ఏమైందండీ ఆ కారు గొడవ?” అనే అడుగుతున్నారు. మొన్న సోమవారంతో ఆ గొడవ తేలిపోయింది. కంపెనీ నన్ను కట్టమన్నది 74,600 రూపాయలు. చివరికి కట్టింది 17,800. ఈ రెంటికీ మధ్య ఉన్న డబ్బు నా తెలివితేటలతో మిగిలింది కాదు. కొంతమంది మనుషులు దగ్గరుండి మిగిల్చారు. వాళ్ళలో ఒకాయన తన పేరు రాయొద్దన్నారు, ఇంకొకతని పేరు నాకు తెలియనే తెలియదు. అందుకే పేర్లు లేకుండానే రాస్తున్నాను.

రైల్లో విశాఖపట్నం వెళ్ళి, అక్కడ సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకున్నాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు. యాప్‌లో బుక్ చేసేటప్పుడు 499 రూపాయలు అదనంగా కడితే “డ్యామేజీ ప్రొటెక్షన్” అని ఒకటి చూపించింది. కారుకి ఏం జరిగినా రిపేరు కింద మనం పెట్టుకోవాల్సింది 10,000 దాటదు అని దాని సారాంశం. నేనైతే ఆ టిక్ తీసేసేవాణ్ణే. ఉంచింది మా ఆవిడ. ఈ వాక్యం రాయకపోతే ఇవాళ ఇంట్లో నాకు భోజనం ఉండదు.

ఆదివారం మధ్యాహ్నం బొంగులో చికెన్ తిని తీరిగ్గా బయల్దేరాం. అనంతగిరి దాటాక ఒక మలుపులో కింది నుంచి బస్సు వచ్చింది. దానికి చోటిద్దామని స్టీరింగ్ ఎడమకి తిప్పాను. అవసరమైనదానికంటే ఎక్కువే తిప్పాను. ఎడమ చక్రం కాలవలోకి దిగింది, బండి ముందు భాగం వెళ్ళి కల్వర్టు గోడని కొట్టింది. బస్సు మమ్మల్ని తాకనేలేదు. తప్పు నాదే, ఇందులో దాచడానికేం లేదు. వెనక సీట్లో ఉన్న అత్తయ్యగారి మూతి ముందు సీటుకి తగిలి పెదవి చిట్లింది. ఆవిడ నోటి దగ్గర రక్తం చూసి పిల్లలిద్దరూ ఒకేసారి ఏడుపు లంకించుకున్నారు. టైము సాయంత్రం 4:40.

వెనకే ఒక జీపు వచ్చి ఆగింది. పైదాకా మనుషుల్ని, మూటల్ని ఎక్కించుకుని తిరిగే జీపు. డ్రైవరుకి ముప్ఫై ఏళ్ళు ఉంటాయేమో. దిగీ దిగగానే మెడలో తువ్వాలు తీసి అత్తయ్యగారి చేతిలో పెట్టాడు. నేనేమో రివర్సు గేరు వేసి బండిని కాలవలోంచి లాగేద్దామని తాళం మీద చెయ్యి వేశాను. అతను అద్దం మీద గట్టిగా కొట్టాడు. “సార్, తాళం తిప్పకండి, తిప్పకండి.” ఆ తడి రోడ్డు మీదే వెల్లకిలా పడుకుని కారు కిందకి దూరాడు. బయటికొచ్చి అరచెయ్యి చూపించాడు. పచ్చగా, జిగటగా ఉంది. “రేడియేటరు పోయింది. ఇప్పుడు స్టార్ట్ చేస్తే ఇంజిను పట్టేస్తది.”

ఆ మాట విలువ నాకు అప్పుడు తెలియలేదు. గోడకి కొట్టుకుని పగిలిన రేడియేటరుకి బీమా డబ్బిస్తుంది. పగిలిందని తెలిసీ బండి నడిపి ఇంజిను పాడుచేసుకుంటే, అది ప్రమాదంలో జరిగిన నష్టం కాదు, ఆ తర్వాత మీరు చేజేతులా చేసుకున్నదని పక్కన పెట్టేస్తుంది. అతను గనక అద్దం మీద కొట్టకపోయి ఉంటే లక్షల్లో లెక్క తేలేది.

మా ఫోన్లలో సిగ్నల్ లేదు. జీపులో ఎక్కించుకుని కొంచెం కిందనున్న కాఫీ కొట్టు దగ్గర దింపాడు. డబ్బు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టి వెళ్ళిపోయాడు. కొట్టు అక్క అత్తయ్యగారికి వేడి నీళ్ళిచ్చి కూర్చోబెట్టింది. ఆవిడ కొడుకు ఫోనులో సిగ్నల్ ఉంది. ఆ ఫోను నుంచే 5:10కి కంపెనీ హెల్ప్‌లైనుకి చేశాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, ఆ తర్వాత సంగీతం. 11 నిమిషాలు విన్నాక కట్ అయింది. 5:25కి మళ్ళీ చేస్తే ఇంకో 8 నిమిషాల సంగీతం. మూడు కాఫీలు తాగి 60 రూపాయలు ఆ అబ్బాయి నంబరుకి ఫోన్‌పే చేశాను. అత్తయ్యగారి కాఫీకి మాత్రం అక్క డబ్బు తీసుకోనంది. ఈ 60 రూపాయలు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాయి.

అక్కడి నుంచి ఆసుపత్రి, పోలీస్ స్టేషన్. నర్సమ్మ పెదవి శుభ్రం చేసి మందు వేసింది. స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ గారు మా మొహాలు చూసి ముందు కుర్చీలు వేయించారు. ఇంకెవరికీ దెబ్బలు లేవు, ఇంకో బండికి నష్టం లేదు కాబట్టి ఎఫ్ఐఆర్ అక్కర్లేదని, బీమావాళ్ళు అడుగుతారు కనక జీడీ ఎంట్రీ (స్టేషన్ రోజువారీ డైరీలో నమోదు) రాసి కాపీ ఇస్తానని అన్నారు. బండి నంబరు, స్థలం, టైము, ఎదురు బండి తగల్లేదన్న సంగతి, అన్నీ తనే అడిగి రాసి స్టాంపు వేసి ఇచ్చారు. ఒక్క రూపాయి అడగలేదు. సార్, మీకు నా నమస్కారాలు. కంపెనీ మనిషి నాతో మాట్లాడేసరికి రాత్రి 8 అయింది. తర్వాత టో బండి రావడం, మా రైలు వెళ్ళిపోవడం, ఆ తిప్పలన్నీ మామూలే.

పదిహేను రోజుల తర్వాత కంపెనీ నుంచి మెసేజి వచ్చింది. రిపేరు 52,400. టోయింగ్ 4,000. కారు అద్దెకి తిరగని 14 రోజులకి రోజుకి 1,300 చొప్పున 18,200. మొత్తం 74,600. నా డిపాజిట్ 5,000 వాళ్ళ దగ్గరే ఉంది. మరి 499 కట్టాం కదా అంటే, ప్రమాదం జరిగిన 2 గంటల్లోపు చెప్పాలని షరతు ఉంది, మీరు 3 గంటల 20 నిమిషాలకి చెప్పారు, కాబట్టి ప్రొటెక్షన్ వర్తించదు అన్నారు. ఆ రాత్రి నిద్ర లేదు. క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టేద్దామని లెక్కలు కూడా వేశాను. మా ఆవిడ ఊరుకోక అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టింది. నాలుగో అంతస్తు టీచరమ్మగారు వెంటనే ఫోన్ చేసి, “మా మేనమామ మోటారు సర్వేయరుగా, అంటే బీమా కోసం బండి నష్టం లెక్కగట్టే పనిలో చేసి రిటైరయ్యారు, కాకినాడలో ఉంటారు, మాట్లాడండి” అని నంబరిచ్చారు. టీచర్ గారూ, మొదటి దండం మీకే పెట్టాలి.

ఆయన అడిగిన మొదటి ప్రశ్నకి నేను తెల్లమొహం వేశాను. “నంబరు ప్లేటు ఏ రంగు బాబూ?”

ఫొటోలు తీసి చూశాను. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు. “అయితే బతికావు” అన్నారు. సెల్ఫ్ డ్రైవ్ అద్దెకి రిజిస్టరైన బండికి ఆ ప్లేటే ఉంటుందట. తెల్ల ప్లేటు సొంత కారుని ఎవరైనా తెలిసినవాళ్ళ ద్వారా అద్దెకిస్తే, సొంత వాడకానికి తీసుకున్న పాలసీ అద్దె వాడకాన్ని ఒప్పుకోదు. ప్రమాదం జరిగితే క్లెయిము అక్కడే ఆగిపోతుంది, ఖర్చంతా నడిపినవాడి నెత్తిన పడుతుంది. మన కాలనీల్లో ఇలా తెల్ల ప్లేటు కార్లు తిప్పేవాళ్ళు ఎంతమందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పోయిన సంక్రాంతికి నేనూ అలాంటిదే తీసుకున్నాను. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

ఇంకో మాట కూడా చెప్పారు, అది విన్నాక ఒళ్ళు జలదరించింది. పాలసీలో ఓనర్ డ్రైవర్ ప్రమాద బీమా 15 లక్షలు అని ఉంటుందే, అది బండి ఎవరి పేరు మీద ఉందో వాళ్ళకి. అద్దెకి తీసుకుని నడిపేవాడికి అందులో ఏమీ రాదు.

తర్వాత కంపెనీ పంపిన 52,400 కాగితం చూశారు. “ఇది ఎస్టిమేటు బాబూ, బిల్లు కాదు. షెడ్డువాడు బండి విప్పకముందు వేసే అంచనా ఇది. దీని మీద ఒక్క రూపాయి ఇవ్వకు. ఫైనల్ బిల్లు, షెడ్డులో ఏ పని ఎప్పుడు చేశారో రాసే జాబ్ కార్డు, క్లెయిము నంబరు, బీమా ఎంత ఇచ్చిందో చెప్పే సెటిల్‌మెంట్ లెటరు అడుగు.” వాళ్ళు బీమా దగ్గర కూడా క్లెయిము పెట్టి ఉంటారన్న ఆలోచనే నాకు అంతవరకు రాలేదు. బీమా ఇచ్చింది పోను మిగిలిన తేడా నా దగ్గర అడగొచ్చుగానీ, మొత్తం నా దగ్గరే ఎలా అడుగుతారు?

ఆ తేడా ఎలా వస్తుందో ఓపిగ్గా చెప్పారు. బంపరు లాంటి ప్లాస్టిక్ సామాన్లకి, టైర్లకి బీమా సగమే ఇస్తుంది. ఇనప సామాన్లకి బండి వయసుని బట్టి కోస్తుంది. ఈ కారుకి రెండేళ్ళు దాటి మూడు నిండలేదు కాబట్టి 15 శాతం. అద్దాలకి కోత లేదు. పైన తప్పనిసరి ఎక్సెస్ అని, క్లెయిములో మన వాటాగా కొంత తీసేస్తారు, కూలెంటు, ఆయిలు లాంటివి లెక్కలోకి రావు. ‘జీరో డెప్’ అనే అదనపు కవరు ఉంటే ఈ వయసు కోత ఉండదు, ఈ పాలసీలో అది లేదు. నలభై నిమిషాల ఫోనులో ఒక్కసారి కూడా విసుక్కోలేదు. మధ్యలో వాళ్ళావిడ “అన్నం చల్లారిపోతోందండీ” అనడం నాకు వినిపించింది.

నేను బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్‌కి పెడతానని ఎగిరాను. “నీకు ఆ గుమ్మం లేదు. పాలసీ కంపెనీ పేరు మీద ఉంది, నీ పేరు మీద కాదు. నువ్వు వాళ్ళ సేవ కొనుక్కున్న వినియోగదారుడివి, నీ దారి అటు.” కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చని, కట్టిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే ఫీజు కూడా ఉండదని ఆయన చెప్తేనే తెలిసింది. 2019 చట్టంతో వచ్చిన వెసులుబాటు ఇది. ఆ అవసరం రాలేదు.

నేను కంపెనీకి రాసుకున్న మెయిల్ మూడు పేజీలు ఉంది. ఆయనకి పంపితే ఐదు లైన్లు చేసి తిప్పి పంపారు. కింద ఒక మాట: “కోపం తీసేశాను, తేదీలు ఉంచాను.”

కంపెనీ మాత్రం 2 గంటల దగ్గరే కూర్చుంది. 5:10కి ఫోన్ చేశానని నిరూపించాలి. చేసింది నా ఫోను నుంచి కాదు. ఆ అబ్బాయి పేరు కూడా నాకు తెలియదు. అప్పుడు ఫోన్‌పే తెరిచి వెనక్కి వెళ్తే కనిపించింది, 60 రూపాయలు, ఆదివారం, 5:34. అక్కడే చాట్‌లో విషయం రాసి పెట్టాను. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు పొద్దున్నే రెండు స్క్రీన్‌షాట్లు వచ్చాయి. హెల్ప్‌లైను నంబరు, 5:10, 11 నిమిషాలు. అదే నంబరు, 5:25, 8 నిమిషాలు. కింద తెలుగులో: “సిగ్నల్ లేక లేటైంది సార్. మామ్మగారి పెదవి తగ్గిందా అని అమ్మ అడుగుతోంది.”

అత్తయ్యగారికి చదివి వినిపిస్తే కళ్ళు తుడుచుకున్నారు. తమ్ముడూ, అక్కా, మామ్మగారి పెదవి పూర్తిగా తగ్గింది. ఆవకాయ కూడా తింటున్నారు.

ఆ స్క్రీన్‌షాట్లు, జీడీ కాపీ కలిపి మళ్ళీ మెయిల్ పెట్టి, 1915కి ఫోన్ చేశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను అది. ఫోన్ ఎత్తిన అమ్మాయి చక్కగా తెలుగులో మాట్లాడి, వివరాలన్నీ రాసుకుని డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు ఇచ్చింది. తొమ్మిదో రోజున కంపెనీ నుంచి కాగితాలు వచ్చాయి. ఫైనల్ బిల్లు 38,900. బీమా ఇచ్చింది 24,350. తేడా 14,550. ఆలస్యం అయిందన్న అభ్యంతరం వదులుకుని ప్రొటెక్షన్ వర్తిస్తుందని ఒప్పుకున్నారు కాబట్టి టోయింగ్‌తో కలిపి నా వంతు 10,000కి ఆగింది. జాబ్ కార్డు ప్రకారం షెడ్డులో రిపేరు జరిగింది 6 రోజులే. మిగతా 8 రోజులు బండి వాళ్ళ యార్డులోనే ఉంది. ఒప్పందంలో “రిపేరు రోజులకి” అని స్పష్టంగా ఉంది కనక 6 రోజులకి 7,800. మొత్తం 17,800. డిపాజిట్ పోను 12,800 పంపి, బాకీ లేదని లెటరు తీసుకున్నాను.

ఆ 7,800 కూడా కొట్టించేద్దామా అని ఆశపడ్డాను. సర్వేయర్ గారు నవ్వి, “గోడని గుద్దింది నువ్వేగా బాబూ, ఒప్పందం మీద సంతకమూ నీదే, కట్టెయ్” అన్నారు. కట్టేశాను. ఆయనకి ఏమైనా పంపుదామని అడ్రసు అడిగితే ఇవ్వలేదు. టీచరమ్మగారి చేత పూతరేకులు పంపిద్దామనుకుంటే, “ఆయనకి షుగరండీ” అన్నారావిడ. అందుకే సార్, ఈ నాలుగు ముక్కలతో సరిపెట్టుకుంటున్నాను. మీ రుణం అలాగే ఉంది.

ఇక జీపు తమ్ముడు. అతని నంబరు తీసుకోలేదు, బండి నంబరు చూసుకోలేదు, పేరు అడగలేదు. ఎస్.కోట, అరకు మధ్య తిరిగేవాళ్ళు ఎవరైనా ఇది చదివితే దయచేసి కాస్త వాకబు చేయండి. ఆకుపచ్చ జీపు, ముందు అద్దానికి ఎర్ర కుచ్చులు వేలాడుతుంటాయి. మనిషి సన్నగా ఉంటాడు, ఎడమ చేతికి రాగి కడియం. అతని నీలం గళ్ళ తువ్వాలు మా ఇంట్లోనే ఉండిపోయింది. మరక పోలేదని అత్తయ్యగారు దాన్ని మూడుసార్లు ఉతికారు. మడత పెట్టి బీరువాలో ఉంచాం. ఎండాకాలం సెలవుల్లో మళ్ళీ అటు వెళ్తున్నాం, ఈసారి రైల్లోనే. కాఫీ కొట్టు అక్క దగ్గర ఇచ్చి పెడితే అతనికి చేరుతుందని ఆ అబ్బాయి అన్నాడు.