గేమ్స్ ఆడేవాళ్లంటే అంత లోకువా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వెబ్ కామిక్స్ (ఇంటర్నెట్లో వచ్చే బొమ్మల కథలు) మీద వచ్చిన వ్యాసం గురించి రాస్తున్నాను. చదివిన రోజే రాయాల్సింది. తిరుమల దర్శనం టికెట్ల కోటా విడుదలైన వారం కావడంతో మా నెట్ సెంటర్లో తలెత్తడానికి తీరిక లేకపోయింది. ఈలోపు ఎవరో ఒకరు అడుగుతారులే అనుకున్నాను. తర్వాతి వారం మీరు వేసిన ఉత్తరాలన్నీ వ్యాసాన్ని మెచ్చుకున్నవే. పిల్లల కళ్లు తెరిపించారని ఒకరు రాశారు. ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

పేరుకు అది కామిక్స్ మీద వ్యాసం. బొమ్మ ఎలా ఉంది, మాట ఎలా పేలింది, నాలుగు గడుల్లో కథ నిలబడిందా లేదా అన్నది ఒక్క పేరాలో తేల్చేశారు. మిగతాదంతా ఆ కామిక్స్ చదివే గేమర్ల వర్ణన. పగలంతా నిద్ర, రాత్రంతా ఆట, ఒళ్లో చిప్స్ ప్యాకెట్, ఉద్యోగం సద్యోగం లేదు, ఆడపిల్లతో మాట్లాడే ధైర్యం లేదు, కన్నతల్లి మీద అరవడం మాత్రం వచ్చు. ఇలాంటివాళ్ల కోసం గీసిన బొమ్మల్లో కళ ఎక్కడుంటుందని తీర్పు చెప్పేశారు. ఇది విమర్శ ఎట్లా అవుతుందో మీరే చెప్పాలి. నవల బాగాలేదంటే నవలలో లోపం చూపిస్తారు గానీ, కొనుక్కున్నవాడి ఒళ్లు, కళ్లద్దాలు, పెళ్లి సంగతి ఎత్తుతారా?

నేను తిరుపతి కొర్లగుంటలో నెట్ సెంటర్ నడుపుతున్నాను. అంతకుముందు బాలాజీ కాలనీ వైపు ఇంకొకరి సెంటర్లో పనిచేశాను. అప్పట్లో సాయంత్రమైతే కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆట కోసం పిల్లలు బయట నిలబడేవాళ్లు. ఆటలో అటూ ఇటూ కదలడానికి నొక్కే డబ్ల్యూ, ఏ, ఎస్, డీ అక్షరాలు కీబోర్డుల మీద అరిగిపోయి కనపడేవి కావు. టైపింగ్‌కు వచ్చినవాళ్లు విసుక్కుంటే ఆ నాలుగింటి మీద స్టిక్కర్లు అంటించేవాణ్ణి, వారం తిరక్కుండా అవీ పోయేవి. ఆడింది ఎవరయ్యా అంటే యూనివర్సిటీ హాస్టల్ వాళ్లు, ఎంసెట్ కోచింగ్ పిల్లలు, మెడికల్ కాలేజీ వాళ్లు, బస్టాండు పక్క లాడ్జీల్లో రూమ్ బాయ్‌లుగా చేసే కుర్రాళ్లు. మెడిసిన్ చదివే అబ్బాయి, రూమ్ బాయ్ ఒకే టీములో ఆడేవాళ్లు. ఎటు నుంచి పోవాలో రూమ్ బాయ్ చెప్తే డాక్టరు కాబోయేవాడు వినేవాడు. ఈ ఊళ్లో వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చునే చోటు ఇంకొకటి నాకు తెలియదు. వ్యాసంలోని ఒంటరి పిల్లాణ్ణి నేను చూడలేదని అనను. అక్కడక్కడా ఉంటాడు. వాడు సినిమా హాల్లోనూ ఉంటాడు, క్రికెట్ గ్యాలరీలోనూ ఉంటాడు. అక్కడ మాత్రం అందరూ అలాంటివాళ్లేనని ఎవరూ రాయరు.

ఆడపిల్లలు గేమ్స్ ఆడరని వ్యాసంలో అన్న మాట సంగతి వేరే చెప్పాలి. మా చెల్లెలి కూతురు ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. పరీక్షలకు రేయింబవళ్లు చదువుతుంది, అయిపోతే రేయింబవళ్లు ఆడుతుంది. ఆ వ్యాసం చూపిస్తే రెండు పేరాలు చదివి, "రాసినాయన ఎప్పుడైనా ఆడినాడా మామా?" అనింది. నాకూ అదే అనుమానం.

ఇక వ్యాసకర్త చులకన చేసిన కామిక్స్ సంగతి. గేమ్స్ మీద వచ్చే పెన్నీ ఆర్కేడ్ అనే కామిక్‌ను పనిలేనివాళ్ల కాలక్షేపమని ఒక్క వాక్యంతో కొట్టిపారేశారు. జెర్రీ హోల్కిన్స్ రాస్తే మైక్ క్రాహులిక్ గీసే ఆ కామిక్ 1998లో మొదలైంది. అదే ఇద్దరు 2003లో చైల్డ్స్ ప్లే అనే సేవాసంస్థను పెట్టారు. ఆసుపత్రుల్లో ఉన్న పిల్లలకు బొమ్మలు, గేమ్స్ అందించడం దాని పని. గేమర్లంటే హింసాప్రియులని వార్తల్లో తిట్లు పడుతున్న రోజుల్లో ఆ గేమర్లే విరాళాలిచ్చి దాన్ని నిలబెట్టారు. గేమింగ్ కామిక్స్ మీద అంత పెద్ద వ్యాసం రాసి ఈ ముక్క వదిలేయడం ఎంత అన్యాయం!

ఇంకొకటి. గేమర్లకు ఏది పెట్టినా నవ్వుతారట, మంచిచెడ్డలు తెలియవట. కంట్రోల్ ఆల్ట్ డిలీట్ అనే కామిక్ 2002 నుంచి వస్తోంది. టిమ్ బక్లీ గీస్తారు. హీరో ఈథన్ గేమ్స్ పిచ్చోడు, అల్లరోడు. అలా నవ్వులాటగా సాగుతున్న కామిక్‌లో 2008 జూన్ 2న ఉన్నట్టుండి ఒక్క మాట లేని నాలుగు గడులు వచ్చాయి. మొదటి గడిలో ఈథన్ ఆసుపత్రి తలుపు తోసుకుని వస్తాడు. రెండో గడిలో రిసెప్షన్లో అడుగుతాడు. మూడోదాంట్లో డాక్టరుతో మాట్లాడతాడు. నాలుగోదాంట్లో అతని సహచరి మంచం మీద పడుకుని ఏడుస్తూ ఉంటుంది. గర్భం పోయింది. అంత దుఃఖాన్ని అంత తేలిక కథలోకి ముందూ వెనకా చూడకుండా తెచ్చిపడేశారని గట్టిగా విమర్శించింది ఎవరు? గేమ్స్ ఆడుతూ ఆ కామిక్‌ను ఏళ్ల తరబడి చదువుతున్నవాళ్లే. పాత్రకు తగదు, నడకకు తగదు, కష్టాన్ని వాడుకున్నారు అని వాదించారు. ఆ నాలుగు గడులకు పేరడీలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. పేరడీల్లో కొన్ని మోటుగా ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ ఒక కథ ఎక్కడ తప్పటడుగు వేసిందో పట్టుకున్న పాఠకులకు అభిరుచి లేదనడం ఎట్లా కుదురుతుంది? మీ వ్యాసకర్త చేయాల్సిన పని వాళ్లు చేశారు.

నాకు బాధ ఎక్కడంటే, ఇది కామిక్స్ ప్రేమించే మనిషి రాసిన రాత. కామిక్స్‌కు జరిగిన అవమానం ఆయనకు తెలియకుండా ఉండదు. 1954లో అమెరికా సెనేట్ ఉపసంఘం కామిక్స్ వల్ల పిల్లలు నేరస్తులవుతున్నారా అని విచారణ జరిపింది. ఆ ఏడాదే ప్రచురణకర్తలు భయపడి తమకు తామే ఒక కోడ్ (నియమావళి) పెట్టుకుని కత్తెర వేసుకున్నారు. మనకు చందమామ 1947లోనే మొదలైనా, బొమ్మల పుస్తకం పట్టుకున్న పిల్లాణ్ణి క్లాసు పుస్తకం చదవరా అని కసరని ఇల్లుందా? అప్పుడు కామిక్స్ చదివేవాళ్లను అన్న మాటలనే ఇప్పుడు కామిక్స్ విమర్శకుడు గేమర్లకు అంటగడుతున్నాడు.

అలవాటు ముదిరి జబ్బయ్యేవాళ్లు లేరా అంటే ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల వర్గీకరణలో గేమింగ్ డిజార్డర్ ఉంది, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. కానీ ఆట అదుపు తప్పి చదువు, పని, కుటుంబం గట్టిగా దెబ్బతినాలి, మామూలుగా ఆ స్థితి కనీసం 12 నెలలు కనిపించాలి, అప్పుడే ఆ పేరు పెట్టాలి. సెలవుల్లో నాలుగు గంటలు ఆడిన పిల్లలందరికీ అంటించే ముద్ర కాదది. డబ్బు పెట్టి ఆడే రమ్మీ యాప్‌లనూ ఇదే గాటన కట్టారు వ్యాసంలో. రమ్మీ వల్ల అప్పులపాలైన కుటుంబాలు మా వీధిలోనే ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వం 2020లో వాటిని నిషేధించింది, 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చింది. అదే కేంద్ర చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, అంటే వీడియో గేమ్స్‌లో జరిగే క్రీడాపోటీలను, వేరు చేసి గుర్తించింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌ను ప్రదర్శన పోటీగా పెట్టినప్పుడు తీర్థ్ మెహతా మన దేశానికి కాంస్యం తెచ్చాడు. 2023 హాంగ్‌ఝౌకి అది పతకాల పోటీ అయింది. పార్లమెంటుకు తెలిసిన తేడా పత్రికకు తెలియకపోతే ఎట్లా?

మన అధికారుల తీరూ ఇలాగే ఉంది. ఆ మధ్య ఒక అవగాహన సదస్సుకు మా సెంటర్ పిల్లలతో నేనూ పోయాను. వేదిక మీద పెద్దాయన గంటసేపు మొబైల్ గేమ్స్‌ను తిట్టి, మైదానాలకు పోయి ఆడుకోండి అన్నారు. మా దగ్గర గ్రౌండుకు తాళం వేసుంది సార్, ఎగ్జిబిషన్ సామాను లోపలే ఉంది అని ఒక పిల్లాడు లేచి చెప్పాడు. వినతిపత్రం ఇవ్వమన్నారు. వినతిపత్రం ఇచ్చాం. తాళం అలాగే ఉంది, కర్రలు, రేకులు లోపలే తుప్పు పడుతున్నాయి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, మా పేటలో పిల్లలు పోయి కూర్చునే లైబ్రరీ గది ఒక్కటి లేదు. ఆడే చోటు, చదివే చోటు మూసిపెట్టి, చేతిలో ఫోను ఉందని పిల్లలనే తిడితే వాళ్లు ఎక్కడికి పోవాలి?

మీ పత్రికను మా నాన్నగారి కాలం నుంచి తెప్పిస్తున్నాం. కార్టూన్ గీత మీద, రంగుల మీద, గడుల అమరిక మీద తెలిసినవాళ్లు రాసిన వ్యాసాలు ఈ అనుబంధంలోనే చదివి నేర్చుకున్నాను. ఇప్పుడు పేరాకు రెండు అచ్చుతప్పులు, ఒక నింద. రెండో భాగం మొబైల్ గేమర్ల మీదేనని ప్రకటించారు. అది అచ్చుకు పోకముందు వ్యాసకర్తను ఆడేవాళ్లు నలుగురితో మాట్లాడమనండి. ఆయన సరేనంటే మా సెంటర్లోనే ఏర్పాటు చేస్తాను. సాయంత్రం ఆరు దాటితే ఫ్యాక్టరీ షిఫ్టు దిగినవాళ్లు, కాలేజీ పిల్లలు, మా మేనకోడలు అందరూ ఉంటారు.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు,
కొర్లగుంట, తిరుపతి