కథ కింద ఫోన్ నంబరు, గ్రూపులో పీడీఎఫ్

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో మా అభిమాన రచయిత్రి కథ వేశారు, చాలా సంతోషం. పొద్దున్నే పేపరు తెచ్చుకొని, షాపు షట్టర్ ఎత్తకముందే మెట్ల మీద కూర్చొని చదివేశా. కథ అయిపోయిన చోట ఆమె పేరు, పేరు కిందే ఫోన్ నంబరు. అది చూడగానే నాకు టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే ఇంతకుముందు ఇంకో పత్రికలో ఆమె కథ వచ్చినప్పుడు ఏం జరిగిందో మాకు తెలుసు. ఈసారీ అదే జరిగింది. సోమవారం మా పాఠకుల వాట్సాప్ గ్రూపులో ఆమె ఒక్క లైను పెట్టారు: "కొన్నాళ్లు ఫోన్ ఆపేస్తున్నాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు." కథ గురించి నాలుగు మంచి మాటలు చెబుదామని చేసినవాళ్లు లేకపోలేదు. కానీ రాత్రి పదకొండున్నరకు చేసి మీ ఆయన ఏం చేస్తుంటాడని అడిగినవాడు ఒకడు, నా కవితలు వినండని గంటసేపు ఫోన్ పెట్టేయనివ్వనివాడు ఒకడు, కథలో ఆ మొగుడు మా కులమోడే కదా అని గద్దించినవాడు ఇంకొకడు. ఆమెను అడిగి, సరే రాయమన్నాకే ఇవన్నీ మీకు రాస్తున్నా.

తప్పంతా పత్రికలదే అనడానికి కాదు ఈ ఉత్తరం. అభిమానులమని చెప్పుకునే మేము ఆమెను పెట్టిన ఇబ్బంది కూడా తక్కువేం కాదు, ముందు అది చెప్పాలి.

నేను కడప ఎర్రముక్కపల్లెలో చిన్న జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతున్నా. ఇంటర్ తర్వాత చదువు సాగలేదు. పదేళ్ల కిందట ఒక టీచరమ్మ ఏదో పత్రికలో వచ్చిన ఈమె కథ తెచ్చి పది కాపీలు తీయమంది. మిషన్ మీద పేజీ పెట్టి మూత వేసే లోపల ఒక్కో వాక్యం కంటపడుతుంటే, ఉండబట్టలేక కాపీలు తీయడం ఆపేసి చదవడం మొదలుపెట్టా. అందులో ఒక ముసలామె సంగటి కెలుకుతూ కోడలితో మాట్లాడుతుంటుంది, కోపం వచ్చినప్పుడు మాట మింగేసి తెడ్డు కుండ అంచుకు టక్కుమని కొడుతుంది. మా అవ్వ అచ్చం అట్లే చేసేది. ఆ తెడ్డు చప్పుడు వింటే చాలు, ఇంట్లో అందరం ఎక్కడివాళ్లం అక్కడ సర్దుకునేవాళ్లం. టీచరమ్మ "ఏమ్మా, అయిందా" అని మూడుసార్లు అడిగిందంట, నాకు వినపడనేలేదు. పదకొండో కాపీ నాకోసం తీసుకున్నా. ఆ కాపీకి రాసినామెకు నేనేమీ ఇవ్వలేదని చాలా ఏళ్లకు గానీ నాకు తట్టలేదు.

ఇప్పుడు మా గ్రూపులో 212 మందిమి ఉన్నాం. టీచర్లు, ఆటో నడిపేవాళ్లు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పిల్లలు, కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసే ఇద్దరు అక్కలు. ఆ అక్కలిద్దరూ పనంతా ముగించుకొని, పక్కన పడుకున్నవాళ్లు లేస్తారని గొంతు తగ్గించి, వాయిస్ మెసేజీల్లో కథ గురించి మాట్లాడతారు. వాళ్ల మాటలు వినడానికే నేను కొన్ని రాత్రులు మేలుకొని ఉంటా.

2025 సంక్రాంతికి ఆమె నవల వచ్చింది. సొంత డబ్బుతో 500 కాపీలు వేశారు, వెల 200. నాదీ కాగితాల పనే కాబట్టి ఖర్చు ఎంతయిందని అడిగితే దాచుకోకుండా చెప్పారు. ఒక్కో కాపీకి 95 రూపాయలు అయింది. షాపులో అమ్మితే నలభై శాతం కమిషన్ పోను చేతికొచ్చేది 120, అదీ అమ్ముడుపోయాక, వాళ్లు ఇచ్చినప్పుడు. మనం నేరుగా తెప్పించుకుంటే ఆమెకు ఇంకాస్త మిగులుతుంది. కానీ 2024 డిసెంబరులో తపాలా శాఖ పుస్తకాలు తక్కువ ఖర్చుతో పంపుకునే రిజిస్టర్డ్ బుక్ పోస్టు తీసేసింది, దాని తర్వాత 2025 మేలో పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ అనే కొత్త సేవ వచ్చేదాకా పుస్తకం పంపడమంటేనే భారమైపోయింది, సరిగ్గా ఆ నాలుగైదు నెలల్లోనే ఆమె పుస్తకం బయటికొచ్చింది. పార్శిళ్లు ఆమే కట్టేవారు, స్కూలు నుంచి వచ్చాక, పుస్తకం మూలలు నలగకుండా అట్టముక్కలు కత్తిరించి పెట్టి. నాకొచ్చిన పార్శిల్‌లో అట్టముక్క మీద ఎవరో ఐదో తరగతి పిల్లవాడి పేరు చీటీ సగం అంటుకొని ఉంది.

పుస్తకం వచ్చిన తొమ్మిదో రోజు గ్రూపులో పీడీఎఫ్ పడింది. మొబైల్‌తో ఫొటోలు తీసి చేసింది. పేజీ అదిమిపట్టుకున్న బొటనవేలు ప్రతి పేజీ అంచునా కనబడుతోంది, 232 పేజీల్లోనూ అదే వేలు. దాని కింద దండాలు, పువ్వులు, "థ్యాంక్స్ అన్నా, చాలా మేలు చేశావు" అని నలభై మందికి పైగా. ఆమె కూడా అదే గ్రూపులో ఉన్నారు. చూశారు, ఒక్క మాట అనలేదు. పెట్టిన అబ్బాయి చెడ్డవాడేం కాదు, ఆమె కథలంటే ప్రాణం పెడతాడు, పదిమందికి చేరాలనే పెట్టాడు. నేను విడిగా ఫోన్ చేసి లెక్క వివరిస్తే ఏడ్చినంత పని చేసి తీసేశాడు, కానీ అప్పటికే అది ఎన్ని ఫోన్లకు పోయిందో ఎవరు చెప్పగలరు? 212 మందిలో ఆమె దగ్గర నేరుగా కొన్నవాళ్లం 31 మందిమి.

"మరి కువైట్‌లో ఉన్నోళ్లు ఎట్ల చదవాల?" అని ఒకరు గట్టిగా అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి ఆ అక్కలే దారి చూపించారు, నేరుగా రాసినామెనే అడిగారు. ఆమె తన దగ్గరున్న ఫైలు ఇద్దరికీ పంపారు, వాళ్లు ఊళ్లో ఉన్న తమ్ముడితో 400 కట్టించారు.

మార్చిలో ఒక డిగ్రీ పిల్లోడు అదే నవల పట్టుకొని నా షాపుకే వచ్చాడు. ఎవరినో అడిగి తెచ్చుకున్నాడు, సాయంత్రానికి తిరిగిచ్చేయాలంట. "మొత్తం తీసి స్పైరల్ వేయక్కా" అన్నాడు. అట్ట చూడగానే నా చెయ్యి ఆగిపోయింది. లెక్క వేసి చెప్పా: షీటుకు రెండు పేజీల చొప్పున 116 షీట్లు, షీటుకు రూపాయి, స్పైరల్‌కు 40, మొత్తం 156. పుస్తకమే 200. "తేడా నలభై నాలుగు రూపాయలే నాయనా, ఈ 156లో రాసినామెకు ఒక్క రూపాయి పోదు, మొత్తం నాకే వస్తుంది" అన్నా. వాడు జేబులో ఉన్నదంతా తీసి కౌంటర్ మీద పెట్టి లెక్కపెట్టుకున్నాడు. 160 ఉన్నాయి. ఊరికెట్లా పోతావంటే బస్ పాస్ ఉందక్కా అన్నాడు. మిషన్ ఆఫ్ చేసి, డ్రాయర్‌లో ఉన్న నా కాపీ తీసి వాడి చేతిలో పెట్టా, నెల రోజులు ఉంచుకొమ్మని. కాపీరైటు చట్టం 1957 నుంచీ ఉంది, రాసినవాళ్లు బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కు వాళ్లదే, అతిక్రమిస్తే జైలు శిక్ష కూడా ఉంది, ఇవన్నీ మా వ్యాపారంలో తెలిసినవే. వాడికి అవేవీ చెప్పలేదు. లెక్క చెప్తే అర్థం చేసుకున్నాడు.

అప్పట్నుంచి ఇంకో మూడు కాపీలు కొని షాపులో పెట్టా. పేరు రాసుకొని ఇస్తా, ఇప్పటికి పంతొమ్మిది మంది చదివారు, ఒక కాపీ మాత్రం తిరిగి రాలేదు. డబ్బు లేనివాళ్లు చదవొద్దని నేనెప్పుడూ అనను. మనం ఇంటి పన్ను కడితే రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం, అంటే జిల్లా గ్రంథాలయానికి పోయి ఫలానా పుస్తకం తెప్పించండని రాసిచ్చే హక్కు మనకుంది. ఒకరు రాసిస్తే పక్కన పడేస్తారేమో గానీ, మా గ్రూపులో కడప వాళ్లమే యాభై మంది దాకా ఉన్నాం, యాభై కాగితాలు చేరితే ఎవరో ఒకరు పట్టించుకుంటారు. ఈ నెలలో ఆ పని మొదలుపెట్టాం.

మా షాపు నుంచి నడిచి పోయేంత దూరంలోనే సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది, ఆయన బంగళా ఉన్న చోటే కట్టారు. 1820లో కడపకు వచ్చిన ఆ దొర, తాటాకుల మీద చెదిరిపోతున్న పద్యాలను, కావ్యాలను కాపీలు తీయించాడు. అదీ కాపీ పనే కదా, నా పని లాంటిదే. కాకపోతే రాసే లేఖకులకు, సరిచూసే పండితులకు సొంత జేబులోంచి, అప్పులు చేసి మరీ జీతాలిచ్చాడు. కడప వాళ్లం ఆయన పేరు చెప్పుకొని మురిసిపోతాం. మన మధ్యే ఉండి, మన మాటలోనే రాస్తున్న మనిషికి 200 ఇవ్వడానికి చెయ్యి రాకపోతే ఆ మురిపెం ఎందుకు?

ఇంతకంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకోటుంది. నవలలో బోరు వేసే ఘట్టం ఒకటి వస్తుంది. వేముల వైపు రైతు ఒకాయన గ్రూపులో చాలా మెల్లగా రాశాడు: "మేడం, ఆరు నూర్ల అడుగుల్లో నీళ్లు పడినాక కేసింగ్ పైపు దించినారని రాసినారు, అట్ల ఉండదు. పైన మెత్తమన్ను ఉన్నంత వరకు ముందే కేసింగ్ దించుతారు, గట్టి రాయి తగిలినాక కేసింగ్ ఉండదు, ఉత్త రాతిలోనే తొలుస్తా పోతారు. మేము ఏడు బోర్లు వేసినాం, ఐదు ఎండినాయి." అంతే ఆయన రాసింది. మావాళ్లు మీద పడిపోయారు. నీకు సాహిత్యం గురించి ఏం తెలుసు, ఆమెను తప్పుపట్టే మొనగాడివా, ఇది అసూయ, ఇట్లా ఎనభై మెసేజీలు. ఆయన ఏమీ అనకుండా గ్రూపులోంచి వెళ్లిపోయాడు. తర్వాత ఒక్కొక్కరినీ అడిగితే తెలిసింది, తిట్టినవాళ్లలో సగం మంది నవల తెరవనే లేదని. రా.రా.గా పేరుపడ్డ రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటి విమర్శకుడు పత్రిక నడిపిన ఊరు ఇది, మొహమాటం లేకుండా రాసినందుకే ఆయన్ను ఇప్పటికీ తలుచుకుంటాం, అట్లాంటి ఊళ్లో ఒక రైతు తనకు తెలిసిన నిజం చెప్తే ఓర్చుకోలేకపోయాం.

ఆమె మాత్రం ఆయన నంబరు పట్టుకొని ఫోన్ చేశారు, ఆ వచ్చే ఆదివారం వాళ్ల ఊరికే పోయి బోరు దగ్గర నిలబడి అన్నీ అడిగి తెలుసుకున్నారు. పుస్తక ప్రదర్శనల్లో, షాపుల్లో మొదటి కాపీలు మెల్లగా అయిపోయి ఇప్పుడు రెండో ముద్రణ రాబోతోంది, దానికి డీటీపీ నేనే చేస్తున్నా కాబట్టి ఏం మారిందో నాకు తెలుసు. ఆరు లైన్లున్న బోరు రెండు పేజీలైంది. అర్ధరాత్రి రిగ్గు లారీ లైట్ల వెలుతురులో, లోపల్నుంచి ఎగజిమ్మే బూడిదరంగు రాతిపొడిని ఇంటామె అరచేతిలోకి తీసుకొని, తడి ఏమైనా ఉందా అని వేళ్లతో నలిపి నలిపి చూస్తుంది. టైపు చేస్తూ ఆ చోట ఆగిపోయా. ఆ రైతు నోరు విప్పకపోతే ఆ అరచెయ్యి నవలలోకి వచ్చేదే కాదు.

ఒకసారి ఆమెనే అడిగా, మేం ఏం రాస్తే మీకు బాగుంటుందని. "చదువుతూ ఎక్కడ ఆగారో చెప్పండి చాలు" అన్నారు. "సూపర్ అక్కా" అని పెట్టడానికి ఒక్క సెకను చాలు, ఎక్కడ ఆగామో చెప్పాలంటే పుస్తకం చదవాలి.

ఇక రోజూ "తర్వాతి నవల ఎప్పుడు" అని అడిగేవాళ్ల గురించి. ఆమె ఇంట్లో అమ్మ మంచాన ఉంది, పగలు బడి, రాత్రి అమ్మ. ఎనిమిది నెలలుగా రాయలేదని ఆమె ఒకసారి చెప్పుకుంటే, పేరొచ్చాక మమ్మల్ని మర్చిపోయారులే అని ఒకరు జవాబిచ్చారు. అది చదివి నాకు నిద్ర పట్టలేదు. రాసినప్పుడు చదువుతాం, రాయనప్పుడు పాతవి మళ్లీ చదువుకుంటాం, అంతకుమించి ఆమెను అడగడానికి మనకేం హక్కుంది?

మిమ్మల్ని అడిగేది చిన్నదే. కథ కింద ఫోన్ నంబరు వేయకండి, ముఖ్యంగా ఆడవాళ్లవి. తప్పదనుకుంటే వేసే ముందు ఒక్కమాట వాళ్లను అడగండి. ఈమె ఆ నంబరు మీకిచ్చింది కథ గురించి మీరేమైనా మాట్లాడాలంటే పనికొస్తుందని, అచ్చు వేయడానికి కాదు. దాని బదులు మీ పత్రిక చిరునామానే వేసి, వచ్చిన ఉత్తరాల్లో మంచివి, తప్పులు ఎత్తిచూపేవి కూడా, మరుసటి వారం కథ పక్కన ఒక మూల వేయండి. ఒకప్పుడు వారపత్రికల్లో పాఠకుల ఉత్తరాలకు చోటు ఉండేది, కథకంటే ముందు అవే చదివేవాళ్లు మా ఇంట్లోనే ఉండేవాళ్లు.

ఈ కవరులో ఇంకో కాగితం కూడా పెడుతున్నా. ఆ డిగ్రీ పిల్లోడు మొన్న నా షాపులో మీ పేపరు తీసుకొని ఆదివారం కథ చదివి, అక్కడే స్టూలు మీద కూర్చొని, రెండు వైపులా నింపి రాసింది. మీరు వేసిన నంబరు వాడి కళ్లముందే ఉంది, అయినా ఫోన్ చేయలేదు, "అక్కా, పేపరోళ్లకు పంపితే ఆమెకు ఇస్తారా?" అని అడిగాడు. ఇస్తారనే చెప్పా. అచ్చు వేయడం కుదరకపోయినా దయచేసి ఆమెకు చేర్చండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఎర్రముక్కపల్లె, కడప