పోయిన మనిషి ఏం పని చేశాడో కూడా రాద్దాం

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ పత్రికలో రోజూ వచ్చే మరణ ప్రకటనల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోటో, పేరు, వయసు, తేదీ, కింద ఇంట్లోవాళ్ల పేర్లు. అంతే ఉంటుంది వాటిలో. పోయిన నెల అలాంటిదొకటి రాయడానికి నేనూ కూర్చున్నాను. నాకు పని నేర్పిన మనిషి కోసం. వాళ్లబ్బాయి కాగితం నా చేతిలో పెట్టి, "నాన్న గురించి నాకంటే నీకే ఎక్కువ తెలుసు, నువ్వే రాయన్నా" అన్నాడు. పదకొండేళ్లు ఆయన వెనకాల నిచ్చెన మోసినవాణ్ణి. అయినా పెన్ను పట్టుకునేసరికి చెయ్యి ఆడలేదు. ఆర్మీలో ఏ సంవత్సరం చేరారు? ఎక్కడెక్కడ ఉన్నారు? ఎప్పుడు బయటికొచ్చారు? ఇద్దరికీ తెలీదు. ఆయన భార్య అంతకుముందే పోయారు. చివరికి అందరిలాగే పేరు, వయసు, తేదీ వేయించి ఊరుకున్నాం.

ఆయన ఎలక్ట్రీషియన్. మేమంతా బాబాయ్ అని పిలిచేవాళ్లం. సైన్యంలో కబుర్లు చేరవేసే సిగ్నల్స్ విభాగంలో చేశారని మాత్రం తెలుసు. ఆ రోజుల గురించి అడిగితే "అప్పుడూ తీగలే, ఇప్పుడూ తీగలే" అని మాట మార్చేవారు. మేమూ రెట్టించి అడగలేదు. పని తొందరలో ఉండేవాళ్లం కదా.

ఆయన పని ఎలా ఉండేదో ఒక్కటి చెబుతాను. ఒక స్కూల్లో వాటర్ కూలర్ ముట్టుకుంటే జివ్వుమంటోందని కబురొచ్చింది. డబ్బులిచ్చే పని కాదు. ఆదివారం పొద్దున వెళ్లాం. నేను నేరుగా కూలర్ దగ్గరికి వెళ్లబోతుంటే భుజం పట్టి ఆపారు. ముందు మెయిన్ బోర్డు చూడాలి, చివర ఉన్న కూలర్ తర్వాత. సాకెట్లో కరెంటొచ్చే ఫేజుకీ, లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్త్‌కీ మధ్య వంద వాట్ల బల్బు పెట్టారు. ఎర్త్ సరిగా ఉంటే అది నిండుగా వెలగాలి. ఇక్కడ లోపలి తీగ మాత్రం ఎర్రగా కనబడి ఊరుకుంది. బోర్డు విప్పితే పచ్చ రంగు ఎర్త్ వైరు సరిగా బిగించకుండా వదులుగా తగిలించి ఉంది. బయట ఎర్త్ గుంత ఎండి బీటలు వారింది. తడి లేని మట్టి కరెంటును లోపలికి పోనివ్వదు. కూలర్లో లీకైన కరెంటు వెళ్లే దారి లేక ఆ ఇనప డొక్కు మీదే నిలిచింది. పిల్లలు తడి చేతులతో, వట్టి కాళ్లతో దాన్నే పట్టుకుంటున్నారు.

ఆ రోజు ముందు కూలర్‌కి కరెంటు తీయించారు. గుంత మళ్లీ తవ్వించి, ఉప్పూ బొగ్గూ వేయించి, వైరు కొత్తది లాగి, కూలర్ లోపల లీకేజీ ఉన్న చోటు పట్టుకుని బాగుచేసి, 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే చాలు కట్టయిపోయే ఆర్‌సీసీబీ అనే స్విచ్చు సొంత డబ్బుతో పెట్టారు. దాని మీద టెస్ట్ అని ఒక చిన్న బటన్ ఉంటుంది. హెడ్మాస్టరు చేత నాలుగుసార్లు నొక్కించారు. గుంతలో నీళ్లు ఎవరు పోస్తారో పేరు రాయించారు. అన్నీ అయ్యాక బల్బు మళ్లీ పెట్టి, వెలుగు చూసి, అప్పుడు బూట్లు తుడుచుకున్నారు.

ఆయన దేవుడేమీ కాదు. కోపం ఎక్కువ. వైరు పైతోలు తీసేటప్పుడు లోపలి రాగి పోగు ఒక్కటి తెగినా ప్లయరు లాక్కునేవారు. నలుగురిలో తిట్టేవారు. అదీ రాయాలనే అంటాను నేను. మనిషిని మనిషిగానే గుర్తుపెట్టుకోవాలి.

ఇలా నోరు మెదపని సైనికులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. ఇంగ్లండ్‌లో హ్యారీ ప్యాచ్ అని ఒక ప్లంబర్ ఉండేవారు. 15 ఏళ్లకే పైపుల పనిలో చేరారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బలవంతపు భర్తీలో సైన్యానికి వెళ్లారు. 1917 సెప్టెంబరు 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర ఒక షెల్ పడి ఆయన పక్కనున్న ముగ్గురు స్నేహితులు పోయారు. ఆయన గాయాలతో బయటపడ్డారు. తిరిగొచ్చి మళ్లీ పైపులే పట్టుకున్నారు. బ్రిస్టల్‌లో 1925లో తెరిచిన విల్స్ మెమోరియల్ భవనానికి పనిచేసిన ప్లంబర్లలో ఆయనొకరు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి వయసు మీరింది. అయినా ఇంట్లో కూర్చోలేదు, బాత్ నగరం మీద బాంబులు పడుతుంటే అగ్నిమాపక దళంలో చేరి మంటలార్పారు.

ఇంత చేసినాయన యుద్ధం గురించి మొదటిసారి నోరు విప్పింది 1998లో, నూరేళ్ల వయసులో. ఒక డాక్యుమెంటరీ కోసం వెతుక్కుంటూ వచ్చి అడిగారు కాబట్టి చెప్పారు. 2009లో, 111 ఏళ్ల వయసులో పోయారు. ఆయన అంతకాలం బతకబట్టి సరిపోయింది. తొంభైలో పోయి ఉంటే ఆ ముగ్గురి సంగతి ఎవరికి తెలిసేది? మా బాబాయ్‌ని అడగడానికి మాకు నూరేళ్లు అక్కర్లేదు. ఒక్క సాయంత్రం చాలు. అది మేం చేయలేదు. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

యుద్ధంలో పోయినవాళ్లకు రాళ్ల మీదైనా పేర్లుంటాయి. అదే ఈప్ర్‌లో మెనిన్ గేట్ అనే స్మారక ద్వారం మీద, సమాధి ఎక్కడుందో కూడా తెలియని 54 వేల మందికి పైగా సైనికుల పేర్లు చెక్కారు. 1928లో మొదలుపెట్టి, 1929 నుంచి అక్కడ రోజూ రాత్రి 8 గంటలకు బ్యూగిల్ ఊదుతారు. రెండో యుద్ధంలో జర్మన్లు ఊరిని ఆక్రమించిన కాలంలో తప్ప ఆపలేదు. ఊదేది ఎవరనుకున్నారు? ఆ ఊరి వాలంటీర్ ఫైర్ బ్రిగేడ్ వాళ్లు. మరి బతికి తిరిగొచ్చి, ఆ తర్వాత నలభై ఏళ్లు ఇళ్లకు వైర్లు లాగి, పైపులు బిగించి, ఆదివారాలు ఊరికిచ్చినవాళ్ల పేర్లు ఎక్కడ రాస్తాం?

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. అమెరికాలో 2000లో వాళ్ల పార్లమెంటు చట్టం చేసి, మాజీ సైనికుల మాటలు వాళ్ల నోటితోనే దాచే పని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి అప్పజెప్పింది. ఎవరైనా వెళ్లి అడిగి రికార్డు చేయొచ్చు. కనీసం 30 నిమిషాలుండాలి, కత్తిరింపులు ఉండకూడదు. అలా ఇప్పటికి లక్ష మందికి పైగా సైనికుల అనుభవాలు చేరాయి. పెద్ద హోదాల్లో ఉన్నవాళ్లే కావాలనలేదు, వంటవాడైనా డ్రైవరైనా తీసుకున్నారు. ఆ అరగంట మన ఫోన్లోనూ ఉంది.

అందుకే మీకు నా మనవి. వారానికి ఒక్కరోజు, అరకాలమ్ ఇవ్వండి. పోయినవాళ్లలో ఒక పనివాడి గురించో పనిచేసిన ఆమె గురించో 150 మాటలు. డబ్బు తీసుకోకండి. పొగడ్తలు వద్దని ముందే చెప్పండి, "మహనీయుడు", "ఆదర్శమూర్తి" లాంటి మాటలు వస్తే కొట్టేయండి. ఏం పని చేశారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, చేతి మీద ఎన్ని మచ్చలున్నాయి, కూలి తీసుకోకుండా ఎవరికి ఏం చేసిపెట్టారు. ఇవి రాస్తే చాలు. నిజమో కాదో చూడటానికి ఆ మనిషితో పనిచేసిన ఇద్దరితో ఫోన్లో మాట్లాడితే సరిపోతుంది. బతికున్నవాళ్ల గురించి వేసినా మంచిదే. ఇంకా మంచిది నిజానికి, తప్పు రాస్తే వాళ్లే దిద్దుతారు.

మొదటిది నేనే రాసి పంపుతాను. ఆర్మీ సంవత్సరాలు నా దగ్గర లేవు గానీ ఆయన పాకెట్ పుస్తకం ఉంది. చెమటకు అట్ట మెత్తబడిపోయింది. ఉచితంగా చూసిన ప్రతి చోటుకీ ఒక పేజీ. ఎర్త్ ఎలా ఉంది, ఏ వైరు మార్చారు, గుంతలో నీళ్లు పోసే మనిషి ఎవరు, అన్నీ పెన్సిల్‌తో రాసుకున్నారు. చివరి నాలుగు పేజీల కింద "వానలకు ముందు మళ్లీ చూడాలి" అని ఉంది. ఆ నాలుగింటిలో రెండు స్కూళ్లు, ఒక లైబ్రరీ, ఒక వృద్ధాశ్రమం. స్కూళ్లు రెండూ నేనూ, ఆయన దగ్గరే పని నేర్చుకున్న ఇంకో కుర్రాడూ కలిసి పోయిన రెండు ఆదివారాలు చూసొచ్చాం. లైబ్రరీలో ఎర్త్ వైరు తుప్పు పట్టిందని చెప్పారు, వచ్చే ఆదివారం వెళ్తున్నాం. వృద్ధాశ్రమం ఆ పై వారం.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక ఎలక్ట్రీషియన్