ఆసుపత్రులు, లాడ్జీల నీటి ట్యాంకులను ఎండలు ముదరకముందే తనిఖీ చేయాలి

సంపాదకులు గారికి,

కర్నూలు నగరంలోని ఆసుపత్రులు, లాడ్జీలు, కల్యాణ మండపాలు, పెద్ద దుకాణ సముదాయాల నీటి ట్యాంకులనూ, ఏసీల కోసం మిద్దెల మీద పెట్టిన కూలింగ్ టవర్లనూ వేసవి ముదరకముందే తనిఖీ చేసి శుభ్రం చేయించాలని నగరపాలక సంస్థనూ, జిల్లా వైద్య ఆరోగ్య శాఖనూ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. చెడ్డ నీళ్లు అనగానే మనకు తాగితే వచ్చే జబ్బులే గుర్తుకొస్తాయి. నీటి తుంపరను పీల్చడం వల్ల వచ్చి, మామూలు నెమ్ములా కనిపిస్తూనే ప్రాణం తీయగల జబ్బు ఒకటుందని చాలామందికి తెలియదు. దానికి కారణం లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా.

1976 జూలైలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో మాజీ సైనికుల మహాసభ జరిగింది. అక్కడికి వెళ్లినవారిలోనూ, ఆ చుట్టుపక్కల తిరిగినవారిలోనూ 200 మందికి పైగా జబ్బుపడ్డారు, 34 మంది చనిపోయారు. కారణమేమిటో ఆరు నెలల దాకా అంతుపట్టలేదు. 1977 జనవరిలో జోసెఫ్ మెక్‌డేడ్, చార్లెస్ షెపర్డ్ అనే శాస్త్రవేత్తలు ఈ బ్యాక్టీరియాను గుర్తించారు.

ఇది స్వతహాగా మనిషిని ఆశ్రయించి బతికే జీవి కాదు. చెరువుల్లోనూ, తడి మట్టిలోనూ ఉండే అమీబాలు దీన్ని ఆహారంగా మింగుతాయి, కానీ ఇది వాటి లోపల అరిగిపోకుండా పెరగగలదు. మన ఊపిరితిత్తుల గాలి గదుల్లో బయటి క్రిములను మింగి చంపే మాక్రోఫేజ్ కణాల పనితీరు కూడా చాలావరకు అమీబా లాంటిదే కాబట్టి, అక్కడ పనికొచ్చిన ఉపాయమే ఇక్కడా పనికొస్తుంది. మాక్రోఫేజ్ ఏ క్రిమినైనా మింగాక దాన్ని ఒక పొర సంచిలో ఉంచి, జీర్ణరసాలున్న లైసోసోమ్‌తో ఆ సంచిని కలిపేస్తుంది, క్రిమి చస్తుంది. లెజియోనెల్లా ఆ కలయికనే జరగనివ్వదు. తన గోడలోని డాట్-ఐసీఎం అనే సూదివంటి యంత్రాంగం గుండా 300కు పైగా రకాల ప్రోటీన్లను మాక్రోఫేజ్ లోపలికి పంపుతుంది. వాటిలో కొన్ని ఆ కణపు సరుకు రవాణాను నడిపే రాబ్1 అనే ప్రోటీన్‌ను లొంగదీసుకుని, కణంలో ప్రోటీన్లు తయారయ్యే పొరల వల అయిన ఎండోప్లాస్మిక్ రెటిక్యులం నుంచి వేరేచోటికి పోవలసిన పొర సంచులను దారి మళ్లించి తన చుట్టూ చేర్చుకుంటాయి. కాసేపట్లోనే బ్యాక్టీరియా ఉన్న సంచి, కణంలోని సొంత భాగమేనన్నట్టు మారిపోతుంది. కాపలాదారు ఇంట్లోనే దొంగ కాపురం పెట్టిన స్థితి ఇది. లోపల సంఖ్య పెరిగి పోషకాలు తరిగిపోయాక బ్యాక్టీరియా తోకలు తొడుక్కుని, కణాన్ని చీల్చుకుని బయటపడి, పక్క కణాలలో చేరుతుంది.

ఈ వివరమంతా రాయడానికి కారణముంది. పెన్సిలిన్ కుటుంబపు మందులు కణం లోపలికి సరిగా చొరబడవు కాబట్టి నెమ్ముకు సాధారణంగా మొదలుపెట్టే ఆ ఇంజెక్షన్లు ఈ జబ్బులో పనిచేయవు. కణం లోపలికి చేరగల అజిత్రోమైసిన్, లెవోఫ్లాక్సాసిన్ వంటివి కావాలి, అవి ఆలస్యమైనకొద్దీ మరణాలు పెరుగుతాయి. అలాగని పరీక్ష లేకుండా అందరికీ లెవోఫ్లాక్సాసిన్ ఇవ్వడమూ తగదు. క్షయ ఎక్కువగా ఉన్న మన దేశంలో ఆ మందు క్షయ లక్షణాలను కొన్నాళ్లు కప్పిపుచ్చగలదు. అందువల్ల తీవ్రమైన నెమ్ముతో చేరిన రోగులకు, ముఖ్యంగా 50 ఏళ్లు దాటినవారికి, పొగతాగేవారికి, మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి లెజియోనెల్లా మూత్ర పరీక్ష అందుబాటులో ఉండాలి. ఆ పరీక్ష ప్రధానంగా ఈ బ్యాక్టీరియాలో ఒక్క రకాన్నే పట్టగలదు కనుక, అనుమానం బలంగా ఉన్నప్పుడు కఫాన్ని కూడా ప్రయోగశాలకు పంపాలి.

ఇక నీటి సంగతి. ఈ బ్యాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల నీటిలో పెరుగుతుంది, 60 డిగ్రీలు దాటితే బతకదు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మన సీమ ఎండకు మిద్దె మీది ట్యాంకు, దాని గొట్టాలు ఎంత వేడెక్కుతాయో ప్రతి ఇల్లాలికీ తెలుసు. కుళాయి నీళ్లు రోజూ రాని చోట్ల నిల్వ చేసుకోక తప్పదు, ఆ విషయంలో జనాన్ని తప్పుపట్టలేం. కానీ అడుగున పేరుకున్న మడ్డి, గొట్టాల్లోని జిగురు పొర, వాటిలోని అమీబాలు కలిసి ఈ బ్యాక్టీరియాకు ఆశ్రయమిస్తాయి. అమీబా లోపల ఉన్నప్పుడు దాన్ని క్లోరిన్ కూడా తేలిగ్గా చంపలేదు. ట్యాంకులో గుప్పెడు బ్లీచింగ్ పొడి వేసి చేతులు దులుపుకోవడం అందుకే చాలదు. ట్యాంకును ఖాళీ చేసి తోమాలి. వాడకంలో లేని గదుల కుళాయిలను, షవర్లను తరచూ వదిలి నిలువ నీటిని పారబోయాలి. చిట్టచివరి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉందో లేదో చూడాలి. వార్డుల్లో మందును తుంపరగా మార్చి పీల్పించే నెబులైజర్లలో కుళాయి నీళ్లు పోయడం, ఆ నీళ్లతో వాటిని కడగడం పూర్తిగా ఆపాలి. ఈ ఒక్కదానికీ పెద్ద ఖర్చేమీ ఉండదు.

2015లో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో కూలింగ్ టవర్ తుంపరల వల్ల 130 మందికి పైగా జబ్బుపడి 16 మంది మరణించాక, ఆ నగరం ప్రతి కూలింగ్ టవర్‌నూ నమోదు చేసి తనిఖీ చేయాలని చట్టం చేసింది. మనం మరణాల దాకా ఆగనవసరం లేదు. ఈ జబ్బు ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదు కాబట్టి ప్రజలు రోగులకు భయపడవలసిన పనీ లేదు.

నగరమంతటా ఒకేసారి సాధ్యం కాకపోతే, ముందుగా రోగులుండే ఆసుపత్రులతోనే మొదలుపెట్టాలని అధికారులకు నా విన్నపం. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రి ఏదైనా సరే, ట్యాంకు కడిగిన తేదీ, కుళాయి దగ్గరి క్లోరిన్ మోతాదు, వేడి నీటి ఉష్ణోగ్రత రాసిన పట్టిక ఔట్‌పేషెంట్ విభాగం గోడ మీద రోగుల బంధువులు చదవగలిగేలా తెలుగులో ఉండేటట్టు ఈ మార్చిలోగా ఆదేశాలివ్వాలి.

— ఒక విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకురాలు, కర్నూలు