షికాగో పేటల సంగతి కూడా రాయండి

సంపాదకుడు గారికి,

అమెరికా చదువుల సీజను మొదలైతే చాలు, మన పత్రికల్లో షికాగో ఫొటోలు కనిపిస్తాయి. విల్లిస్ టవర్, మిలీనియం పార్కులోని ఆ మెరిసే ‘బీన్’ శిల్పం, 1893లో వివేకానందుడు ప్రసంగించిన భవనం. ఈ మూడింటినీ చుట్టి రావడానికి ఒక పూట చాలు. నగరం వైశాల్యం మాత్రం దాదాపు 230 చదరపు మైళ్ళు, జనం 27 లక్షలు. వాళ్ళు బతికేది పేటల్లో. ఏటా మన పిల్లలు అద్దెకు దిగేది, ఉద్యోగాలొచ్చాక కొందరు ఇళ్ళు కొనుక్కునేది ఆ పేటల్లోనే. వాటి గురించి నాలుగు ముక్కలు రాసేవాళ్ళు లేకపోవడంతో, వచ్చినవాళ్ళు మొదటి చలికాలంలోనే జరిమానాలు కట్టి, ఇరుగుపొరుగుతో మాట పడి నేర్చుకుంటున్నారు.

పేట అంటే అక్కడ పట్టింపు ఎక్కువ. 1920లలో షికాగో విశ్వవిద్యాలయం సామాజిక శాస్త్రవేత్తలు నగరాన్ని 75 ప్రాంతాలుగా గీశారు. తర్వాత ఓహేర్ విమానాశ్రయం వైపు భూమి చేరింది. 1980లో ఎడ్జ్‌వాటర్ వాసులు తమను అప్‌టౌన్ నుంచి విడదీయించుకున్నారు. అలా 77 అయ్యాయి. జనం నోట్లో నలిగే పేర్లు అంతకంటే చాలా ఎక్కువ. చెక్ వలసదారులు తమ ఊరి పేరు పెట్టుకున్న పిల్సెన్ తర్వాత మెక్సికన్ల పేట అయింది, పేరు మాత్రం మారలేదు. దక్షిణాన పుల్‌మన్ ఉంది. రైలు పెట్టెల కంపెనీ తన కార్మికుల కోసం 1880లలో కట్టిన ఊరది, 1894 నాటి పెద్ద సమ్మె మొదలైన చోటు. 1960లో దాన్ని కూల్చి ఫ్యాక్టరీలకు ఇవ్వాలన్న ప్రతిపాదన వస్తే అక్కడివాళ్ళు సంఘం కట్టి అడ్డుకున్నారు. 2015లో అది జాతీయ స్మారకమైంది. మన వాళ్ళు చాలామంది నగరం బయటి శివారు ఊళ్ళైన నేపర్‌విల్‌లోనో, అరోరాలో బాలాజీ గుడి దగ్గరో ఉంటూ ‘షికాగోలో ఉంటున్నాం’ అంటారు. తప్పేం లేదు గానీ, అసలు నగరవాసి ముందు ఆ మాటంటే ‘ఏ పేట?’ అని వెంటనే అడుగుతాడు.

దారి తెలుసుకోవడానికి అక్కడ ఫోన్ అక్కర్లేదు. స్టేట్, మ్యాడిసన్ వీధులు కలిసే కూడలి సున్నా. 1909లో ఎడ్వర్డ్ బ్రెన్నన్ ప్రతిపాదించిన పద్ధతి అమల్లోకి వచ్చింది, డౌన్‌టౌన్‌కు మాత్రం 1911లో. అక్కణ్ణుంచి ఎటు వెళ్ళినా మైలుకు 800 నంబర్లు. డెవాన్ ఎవెన్యూ 6400 నార్త్, అంటే మ్యాడిసన్‌కు ఉత్తరంగా ఎనిమిది మైళ్ళు. వెస్టర్న్ ఎవెన్యూ 2400 వెస్ట్, మూడు మైళ్ళు. సరిసంఖ్య ఇళ్ళు వీధికి ఉత్తరాన, పడమటన ఉంటాయి, బేసివి దక్షిణాన, తూర్పున. ఈ లెక్క దక్షిణం వైపు మొదటి మూడు మైళ్ళలో తప్పుతుంది. అక్కడ మొదటి మైలు రూజ్‌వెల్ట్ అంటే 1200, రెండోది సెర్మాక్ అంటే 2200, మూడోది 31వ వీధి. ఆ తర్వాత మళ్ళీ ఎనిమిదేసి. డెవాన్ మీద ‘గాంధీ మార్గ్’ అన్న బోర్డు చూసి మన వాళ్ళు మురిసిపోతారు. మురవవచ్చు, కానీ అడ్రసులో రాయకూడదు. గోధుమరంగు బోర్డులు గౌరవానికి పెట్టినవి, ఆకుపచ్చ బోర్డు మీదున్నదే వీధి పేరు.

ఇక మంచు. షికాగోలో పేట మర్యాద తేలేది మంచు దగ్గరే. అక్కడ మంచు మేయర్లనే దించేసింది. 1979 జనవరిలో కురిసిన మంచును సరిగా తీయించలేకపోయిన మేయర్ మైకేల్ బిలాండిక్, మరుసటి నెల పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రైమరీలో జేన్ బర్న్ చేతిలో ఓడిపోయారు. ఆమె ఆ నగరానికి తొలి మహిళా మేయర్. రోడ్డు మీద మంచు తీయడం నగరం పని. ఇంటి ముందు కాలిబాట మీద మంచు తీయడం ఇంట్లో ఉన్నవాళ్ళ పని. యజమానిదే కదా అని అద్దెవాళ్ళు చేతులు దులుపుకోవడానికి లేదు. నగర నియమావళి యజమానితో పాటు అద్దెదారునీ, ఇంటి బాధ్యత చూసేవాళ్ళనీ కలిపే చెబుతుంది. అందుకే లీజు మీద సంతకం చేసేముందే, మంచు ఎవరు తీయాలి, పార ఎక్కడుంటుంది, ఉప్పు ఎవరు కొనాలి అని అడిగి రాయించుకోవాలి. పైన ఒకరు, కింద ఒకరు ఉండే టూ-ఫ్లాట్ ఇళ్ళలో ఎక్కువ గొడవలు వచ్చేది ఇక్కడే.

ఉదయం 7 నుంచి సాయంత్రం 7 మధ్య కురిసిన మంచును రాత్రి 10 లోపు, ఆ తర్వాత రాత్రంతా కురిసినదాన్ని మర్నాడు ఉదయం 10 లోపు తీసేయాలి. దారి కనీసం ఐదడుగుల వెడల్పు ఉండాలి. చక్రాల కుర్చీ, పిల్లల బండి పోవాలి గనుక ఆ కొలత. పార వెడల్పున ఒక్క చాలు తీసి ‘అయింది’ అనుకోవడం కొత్తవాళ్ళు చేసే పొరపాటు. తీసిన మంచును రోడ్డు మీదికి నెట్టకూడదు. కాలిబాటకూ రోడ్డుకూ మధ్య ఉండే గడ్డి పట్టీలో, అంటే పార్క్‌వేలో పోయాలి. మూలమీది ఇల్లయితే రెండు వైపులా తీయాలి, వీధి దాటే ర్యాంపు కూడా. దగ్గర్లో ఫైర్ హైడ్రెంట్ ఉంటే చుట్టూ ఖాళీ చేయాలి. పెద్ద మంచు కురుస్తుంటే ఆగేదాకా కూర్చోవద్దు. మూడంగుళాలు పడగానే ఒకసారి, ఆగాక ఇంకోసారి తీస్తే నడుం నిలుస్తుంది. జనం తొక్కిన మంచు అణగి గడ్డకడితే పారకు రాదు.

ఉప్పు చల్లేది మంచు తీసిన తర్వాతే, తీయడానికి బదులుగా కాదు. ఒక కాఫీ మగ్గు, సుమారు 12 ఔన్సులు, పది సైడ్‌వాక్ పలకలకు సరిపోతుంది. గుప్పెళ్ళతో గుమ్మరిస్తే కాంక్రీటు పెచ్చులూడుతుంది, పార్క్‌వేలో చెట్టు వేరు చెడుతుంది, కుక్కల పాదాలు మండుతాయి. నేల 15 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లబడితే మామూలు రాతి ఉప్పు దాదాపు పనిచేయదు. అప్పుడు కాల్షియం క్లోరైడో, జారకుండా కాస్త ఇసుకో చల్లాలి.

కారు సంగతి వేరే. డిసెంబర్ 1 నుంచి ఏప్రిల్ 1 దాకా, మంచు ఉన్నా లేకున్నా, 107 మైళ్ళ ప్రధాన వీధుల్లో తెల్లవారుజామున 3 నుంచి 7 దాకా కారు ఆపకూడదు. ఆపితే 60 డాలర్ల టికెట్, కారు ఈడ్చుకెళ్ళినందుకు కనీసం 150 డాలర్ల టోయింగ్ ఛార్జీ, పైన రోజుకు 25 డాలర్ల నిల్వ ఛార్జీ. ఇది కాక, రెండంగుళాల మంచు పడ్డప్పుడు అమలయ్యే నిషేధం మరో 500 మైళ్ళ వీధులకు ఉంది. దానికి గంటా తేదీ ఉండవు. ‘నిన్న రాత్రి ఆకాశం తేటగానే ఉంది కదా’ అని వాదించినా లాభం లేదు, స్తంభం మీది బోర్డు చదువుకోవాలి. ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా వీధి ఊడ్చే రోజులకు చెట్లకూ స్తంభాలకూ నారింజరంగు కాగితాలు కడతారు. వాటిని చూడకుండా పడుకున్నవాడికి పొద్దున్నే అద్దం మీద టికెట్ ఉంటుంది.

పక్క వీధుల్లో ‘డిబ్స్’ అన్న ఆచారం ఉంది. పెద్ద మంచు పడ్డాక గంటల తరబడి తవ్వి కారు బయటికి తీసినవాడు ఆ ఖాళీలో పాత కుర్చీయో, ఇస్త్రీ బల్లో పెట్టి పోతాడు. చట్టప్రకారం ఆ చోటు వాడిది కాదు. కొన్నాళ్ళకు నగర సిబ్బంది వచ్చి ఆ సామానంతా చెత్తలో వేసుకుని పోతారు. అయినా ఆ కుర్చీ తీసి కారు పెట్టకండి. తెల్లారేసరికి కారుకు గీతలు పడటమో, అద్దాల మీద పోసిన నీళ్ళు గడ్డకట్టడమో జరగొచ్చు. మన వంతు వస్తే మాత్రం మనం తవ్విన చోటుకే, అదీ భారీ మంచుకే కుర్చీ పెట్టాలి. రెండంగుళాల మంచుకు కుర్చీ పెడితే పేటంతా నవ్వుతుంది. నా మటుకు నాకు ఈ ఆచారం రౌడీతనానికి కాస్త దగ్గరగానే తోస్తుంది. దాని వెనకున్న కష్టం నిజమైనదని మాత్రం ఒప్పుకుంటాను.

న్యూయార్క్‌లో చెత్త సంచులు కాలిబాటల మీద కనిపిస్తాయి. షికాగోలో ఇళ్ళ వెనక సందులు, ఆలీలు, దాదాపు 1,900 మైళ్ళున్నాయి. చెత్త, కరెంటు స్తంభాలు, గ్యారేజీలు అన్నీ అక్కడే. నాలుగు వాటాల దాకా ఉన్న ఇళ్ళ చెత్త నగరం తీస్తుంది, అంతకు పెద్ద భవనాలది యజమాని పెట్టుకున్న ప్రైవేటు బండి. నల్ల డబ్బా మామూలు చెత్తకు వారానికోసారి, నీలం డబ్బా రీసైక్లింగ్‌కు రెండు వారాలకోసారి. నీలం డబ్బాలో ప్లాస్టిక్ సంచి కట్టి వేస్తే మొత్తం పాడైనట్టే. ఆ సంచులు వేరుచేసే యంత్రాల రోలర్లకు చుట్టుకుంటాయి, అందుకని డబ్బాలోది చెత్త కిందే లెక్కకట్టవచ్చు. ఖాళీ సీసాలు, టిన్నులు కడిగి విడివిడిగా వేయాలి. నల్ల డబ్బా మూత పడనంతగా నింపితే ఎలుకలు వస్తాయి. అర అంగుళం కన్నం చాలు వాటికి. పక్కింటివాళ్ళు నగర ఫిర్యాదుల నంబరు 311కి ఫోన్ చేస్తే తప్పు వాళ్ళది కాదు. వేపుడు నూనెను సింకులో పోసే అలవాటు మనలో ఉంది. అది చలికాలంలో పైపులో గడ్డకట్టి కింది వాటావాళ్ళ ఇంట్లోకి పొంగుతుంది. చల్లారాక సీసాలో పట్టి చెత్తలో వేయాలి.

నీరు పొంగే సంగతి ఇంకా ఉంది. సరస్సు ఒడ్డున చిత్తడి నేల మీద కట్టిన నగరం కావడంతో, 1850, 60లలో వీధులనే ఎత్తు చేశారు. పిల్సెన్ లాంటి పాత పేటల్లో కొన్ని ఇళ్ళ కింది అంతస్తు నేటికీ కాలిబాటకు దిగువనే ఉంటుంది. పైగా అక్కడ వాననీరూ మురుగూ ఒకే పైపులో పోతాయి. జడివాన కురిస్తే ఆ పైపు నిండి, బేస్‌మెంట్ ఫ్లోర్ డ్రెయిన్ గుండా వెనక్కి వస్తుంది. 1975లో మొదలైన ‘డీప్ టన్నెల్’ పథకం కింద ఆ నీటిని పట్టడానికి 109 మైళ్ళ సొరంగాలు తవ్వినా వీధి పైపు నుంచి సొరంగం దాకా నీరు చేరాలి కదా. అద్దె తక్కువని ‘గార్డెన్ యూనిట్’ అనే సగం భూమిలో ఉన్న వాటా తీసుకునే పిల్లలు ఈ మూడూ చూడాలి: గోడల అడుగున తడి మరకలు ఉన్నాయా, మురుగు వెనక్కి రాకుండా ఓవర్‌హెడ్ సీవర్ లేదా బ్యాక్‌ఫ్లో వాల్వ్ పెట్టించారా, అద్దెవాళ్ళ బీమా అయిన రెంటర్స్ ఇన్సూరెన్స్‌లో సీవర్ బ్యాకప్, అంటే మురుగు పొంగిన నష్టం, విడిగా చేర్చారా. సాధారణ పాలసీలో అది ఉండదు. జడివాన కురుస్తున్నంతసేపూ వాషింగ్ మెషీన్ వేయకూడదు, పై వాటావాళ్ళు కూడా. కొందరు డ్రెయిన్‌లో నిలువు పైపు బిగించి మురుగును ఆపుతారు. నీళ్ళు దాని మట్టం దాటితే పొంగి పొర్లుతాయి. మరీ ఎత్తు పైపు పెడితే ఒత్తిడికి నేలే పగలొచ్చు. ఇంటి కప్పు నీటి గొట్టాన్ని మురుగు పైపు నుంచి విడదీసి గోడకు ఐదడుగుల దూరాన పెరట్లోకి వదిలితే అసలు భారమే తగ్గుతుంది. ఆ నీరు పక్కింటి వైపు పోకుండా చూసుకోవాలి.

తాగే నీళ్ళ గురించి మన వాళ్ళకు ఎవరూ చెప్పరు. 1986లో కేంద్ర చట్టం నిషేధించేదాకా షికాగో నియమాలే వీధి పైపు నుంచి ఇంటికి సీసపు గొట్టం వేయమనేవి. దేశంలో మరే నగరంలోనూ లేనన్ని సీసపు గొట్టాలు అక్కడ ఉన్నాయి, దాదాపు నాలుగు లక్షలు. కాచి చల్లార్చడం మనకు అలవాటు, కానీ కాచినా సీసం పోదు. నీరు ఆవిరైనకొద్దీ దాని పాళ్ళు పెరుగుతాయి. రాత్రంతా నిలిచిన నీటిని ఉదయం ఐదు నిమిషాలు వదిలేయాలి, వంటకూ తాగడానికీ చన్నీళ్ళ కొళాయే వాడాలి, ఫిల్టర్ల ప్రమాణమైన ‘ఎన్ఎస్ఎఫ్ 53’ ముద్రలో సీసం పేరున్న ఫిల్టరు కొనాలి. చంటిపిల్లలకు పాలపొడి కలిపే ఇంట్లో ఇది తప్పనిసరి. 311కి ఫోన్ చేస్తే ఉచితంగా పరీక్ష కిట్ ఇస్తారు.

ఇల్లు కొనేవాళ్ళకు ఒక్క మాట. 1910 నుంచి 1940 మధ్య కట్టిన ఇటుక బంగళాలు దాదాపు 80,000 ఉన్నాయి. చాలావరకు 25 అడుగుల వెడల్పు, 125 అడుగుల లోతు స్థలాలకు అటూ ఇటూ ఉన్నవే. ముందు గోడకు మంచి ఇటుక, పక్కలకూ వెనక్కూ మెత్తటి ‘కామన్’ ఇటుక. ఇటుకల మధ్య అతుకులు తిరిగి నింపేటప్పుడు చౌకగా చేస్తామనేవాడు గట్టి పోర్ట్‌లాండ్ సిమెంటు కూరుస్తాడు. పాత ఇటుక కంటే అతుకు గట్టిదైతే చలికి ఇటుక ముఖమే పెచ్చుగా ఊడుతుంది. సున్నం పాలు ఎక్కువున్న మెత్తటి మోర్టారు అడగాలి. నీరు పట్టదని పూసే సీలరు లోపలి తేమను బంధిస్తుంది గనుక అది కూడా వద్దు.

ఇదంతా చదివి అక్కడ బతుకంతా పారా ఉప్పూ అనుకోకండి. వేసవిలో ఆల్డర్‌మన్, అంటే వార్డు ప్రతినిధి, కార్యాలయం ద్వారా అనుమతి తీసుకుని ఒక బ్లాకు రోడ్డుకు అడ్డం కట్టి పార్టీ చేసుకుంటారు. అంబులెన్సు వచ్చేలా అడ్డుకట్ట తీసే మనిషిని ముందే నియమించుకుంటే చాలు. పార్కుల్లో 16 అంగుళాల చుట్టుకొలతున్న సాఫ్ట్‌బాల్‌ను గ్లౌజు లేకుండా ఆడతారు. ఆ ఆట పుట్టింది 1887లో ఆ నగరంలోనే. ఉత్త చేతుల్తో క్యాచులు పట్టే మన క్రికెట్ కుర్రాళ్ళను పేట జట్టులోకి ఇష్టంగా పిలుస్తారు. అక్కడి జార్డినేరా, నూనెలో ఊరిన కాలీఫ్లవర్, క్యారెట్, మిరపకాయ, మన ఆవకాయ నాలుకకు పరాయిది కాదు. హాట్‌డాగ్ మీద కెచప్ మాత్రం అడగకండి, అక్కడ అది పెద్ద తప్పు కింద లెక్క.

సంపాదకులకు మనవి ఏమంటే, ఆగస్టులో విద్యార్థులు బయల్దేరేముందు వీసా కాగితాల జాబితాతో పాటు ఒక బాక్సు కట్టండి: లీజులో మంచు బాధ్యత, పార్కింగ్ బోర్డుల తేదీలు, నీలం డబ్బా, సీసం ఫిల్టరు, 311 నంబరు. డిసెంబర్ 1కి ముందు అదే బాక్సు ఇంకోసారి వేస్తే ఇంకా మేలు.

ఇట్లు,
షికాగో నుంచి ఒక పాఠకుడు