అది బదనిక కాదండీ

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం మీ ఇంటితోట పేజీలో మామిడి కొమ్మ మీద పూసిన మొక్క ఫొటో వేసి, కింద ‘చెట్టు సారం పీల్చే బదనిక, కనిపిస్తే కోసేయండి’ అని రాశారు. అది వాండా టెస్సెల్లేటా, మన తోటల్లో దానంతట అదే పెరిగే ఆర్కిడ్. పసుపుపచ్చ రేకుల మీద గోధుమరంగు గళ్ళు, మధ్యలో ముందుకు పొడుచుకొచ్చిన పెదవిలాంటి ఊదారంగు రేకు, ఫొటోలో అంత స్పష్టంగా ఉన్నాయి కదా! అసలు బదనిక వేరు కొమ్మలోకే దిగిపోతుంది, దిగిన చోట కొమ్మ బుడిపెలా ఉబ్బుతుంది. దీని వేళ్ళేమో బెరడు పట్టుకుని పాకుతాయి, కొన్ని గాల్లో వేలాడతాయి. చెట్టు దగ్గర అది తీసుకునేది కూర్చోడానికి చోటు, అంతే. మీ ఒక్కరి తప్పే అననులెండి, వాడుకలో దీన్నీ బదనికే అంటారు. మా తాతయ్య కూడా అలాగే అనుకుని ఓసారి మనిషికి కత్తిచ్చి చెట్టెక్కించారు, పూలు చూసి అమ్మమ్మ అడ్డుపడబట్టి బతికింది.

పేరు తెలియకపోతే పెంపకమూ తప్పుతుంది, నాకు అనుభవమే. ఒక నర్సరీలో ఆరొందలు పెట్టి కొన్న కుండీకి ‘ఆర్కిడ్’ అని మాత్రం చీటీ ఉంది. ఏ ఆర్కిడ్ అని అడిగితే ‘పర్పుల్ అండి’ అన్నాడు! అది ఫెలనాప్సిస్ అని తర్వాత తెలిసింది. మందారానికి పోసినట్టు రోజూ నీళ్ళు పోశాను, లోపలి కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) ఆరిందే లేదు. రెండు నెలలకి వేరు పట్టుకుంటే పైతొక్క మెత్తగా చేతికొచ్చేసి లోపల దారం ఒక్కటే మిగిలింది.

ఇప్పుడైతే పువ్వు లేకపోయినా మొక్కని చూసి ఏ ఆర్కిడో చెప్పగలను. చెరుకు గడల్లా పక్కపక్కనే కాడలు లేస్తే దాదాపు డెండ్రోబియమే, ఒకే కాడ పైకి పోతూ రెండు వైపులా పట్టీల్లాంటి ఆకులుంటే వాండా, కాడే కనపడకుండా నాలుగైదు వెడల్పాటి దళసరి ఆకులుంటే ఫెలనాప్సిస్. చివరిదానికి పూకాడ రావాలంటే కొన్ని వారాలు రాత్రుళ్ళు చల్లబడాలి, అందుకే హైదరాబాద్ చలికాలంలో నయం గానీ మా కాకినాడలో కష్టం. మాకు డెండ్రోబియం హాయి. బొగ్గు, ఇటుక ముక్కలు, కొబ్బరి డొప్ప వేసి, ఎండాకాలం గ్రీన్ నెట్ కింద పెడితే చాలు, మట్టి అసలు వద్దు. నీళ్ళు ఎప్పుడు పోయాలో వేళ్ళే చెబుతాయి, ఎండితే వెండిలా తెల్లగా ఉంటాయి, తడపగానే చూస్తూండగానే పచ్చబడతాయి.

వచ్చే ఆదివారం అదే ఫొటో అదే సైజులో వేసి సరైన పేరు రాయండి, ఈలోగా ఎవరూ కత్తి తీయకుండా ఉంటే బాగుండును. మా తాతయ్య మామిడి మీది వాండా ఈ వారమే మొగ్గ వేసింది, కావాలంటే ఫొటో పంపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, కాకినాడ