పచ్చచుక్క మెనూలో, త్రికోణం వంటగదిలో

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలో కొరియన్ వంటకాల హోటళ్లకు జనం ఎగబడుతున్నారని మీ జిల్లా పేజీలో వచ్చిన కథనం చదివాను. రుచుల గురించి, గోడల మీద బొమ్మల గురించి, కాలేజీ పిల్లల సెల్ఫీల గురించి రాశారు. గిన్నెలో ఏం పడుతోందో మాత్రం రాయలేదు. మిగతా ఊళ్ల సంగతేమో గానీ ఇక్కడ ముందు అడిగే ప్రశ్న అదే. శనివారం నీచు ముట్టనివాళ్లు, మాల వేసుకున్నవాళ్లు, పుట్టి బుద్ధెరిగాక గుడ్డు కూడా తిననివాళ్లు లేని వీధి తిరుపతిలో లేదు.

నేను శ్రీసిటీలో ఒక కంపెనీ క్యాంటీన్‌కు స్టోర్‌కీపర్‌గా చేసి రిటైరయ్యాను. కొరియా నుంచి వచ్చిన ఇంజనీర్లకు అక్కడ వేరే వంటగది, వేరే మాస్టర్ ఉండేవాళ్లు. సరుకు దించుకోవడం, పెట్టెల మీద తేదీలు చూడటం, ఏది ఫ్రిజ్‌లోకి, ఏది గోడౌన్‌లోకి అని సర్దించడం నా పని. వంట రాదు గానీ, ఏ వంటకు ఏ సరుకు వెళ్తుందో మాత్రం ఇండెంట్ బుక్కు రాసీ రాసీ నోటికొచ్చేసింది.

కొరియా వాళ్ల పచ్చడి కిమ్చీ సంగతే తీసుకోండి. చైనా క్యాబేజీని ఉప్పులో నానబెట్టి, కడిగి, ఆకు ఆకుకీ మధ్య కారం ముద్ద పూస్తారు. ఆ ముద్దలో మిరప్పొడి, వెల్లుల్లి, అల్లం, ముల్లంగి తురుము, ఉల్లికాడలు, కాస్త బియ్యప్పిండి జావ ఉంటాయి. ఇంతవరకూ మనకు ఇబ్బంది లేదు. కానీ మామూలు కిమ్చీలో వీటితోపాటు ఉప్పులో ఊరబెట్టిన చిన్న రొయ్యలో, నెత్తళ్లను ఊరబెట్టి తీసిన రసమో, చాలాసార్లు రెండూనో పడతాయి. పైకి ఏమీ కనిపించదు. దీన్ని అందరూ మన ఆవకాయతో పోలుస్తారు, నాకైతే ఆ పోలిక నచ్చదు. ఆవకాయ నూనెలో, ఉప్పులో, ఆవపిండిలో నిలవ ఉంటుంది. కిమ్చీ పులిసి బతుకుతుంది, డబ్బా మూత తీస్తే బుస్సుమంటుంది. అందుకే మా స్టోర్‌లో ఆ డబ్బాలను ఫ్రిజ్‌లో అడుగు అరలో పెట్టించేవాడిని. చలికాలానికి ముందు ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగూ కలిసి కిమ్చీ పెట్టుకుని పంచుకునే ఆనవాయితీని యునెస్కో 2013లో వారసత్వ జాబితాలో చేర్చింది. అంత మర్యాద ఉన్న తిండి. అందులో రొయ్య ఉండటం తప్పు కాదు, లేదని చెప్పి పెట్టడం తప్పు.

ఈమధ్య ఒక శనివారం మా అన్న కూతురు పట్టుబడితే, బైపాస్ వైపు ఉన్న అలాంటి హోటల్ ఒకదానికి అందరం వెళ్లాం. మా అమ్మ కూడా వచ్చింది. పేరు రాయను, ఒక్క హోటల్‌ను బజారుకీడ్చడం నా ఉద్దేశం కాదు. మెనూ కార్డు అందంగా ఉంది, శాకాహారం అన్న వాటి పక్కన పచ్చచుక్కలు వరసగా పెట్టారు. వెజ్ బిబింబాప్, వెజ్ కింబాప్, వెజ్ తొక్‌బొక్కి చెప్పాం. పచ్చళ్లూ కూరలూ చిన్న చిన్న గిన్నెల్లో ముందే తెచ్చి పెట్టారు. మొలకలు, పాలకూర, ముల్లంగి, కిమ్చీ.

బిబింబాప్ నిజంగా బాగుంది, కాదనను. కాలే రాతిగిన్నెలో అన్నం, పైన రంగురంగుల కూరలు, నువ్వుల నూనె ఘుమఘుమ. అడుగున అన్నం కరకరలాడుతూ చెక్క కట్టింది. పిల్ల దాన్ని గరిటెతో గీకి గీకి తింది. తొక్‌బొక్కి గిన్నె వచ్చాక మా అమ్మ చెంచా దగ్గరికి తెచ్చుకుని ఆగిపోయింది. "ఏం నాయనా, నీచు వాసనొస్తా ఉందే?" అంది. ఎర్రటి రసం, అందులో వేలంత లావు బియ్యప్పిండి ముక్కలు. మామూలుగా ఈ రసానికి ఎండు నెత్తళ్లు, సముద్రపు నాచు మరగబెట్టిన నీళ్లు వాడతారు. క్యాంటీన్‌కు ఆ నెత్తళ్లు సంచుల్లెక్కన దించుకున్నవాణ్ణి, నాకూ ఆ వాసన తెలుసు.

వడ్డించే అబ్బాయిని పిలిచి అడిగాను. లోపలికెళ్లి వచ్చి, "వెజ్జే అంకుల్, చికెన్ ఏమీ వేయలేదు" అన్నాడు. వాడి మీద కోపం రాలేదు. వాడికి ఎవరూ చెప్పలేదు, అంతే. మాస్టర్‌ను ఒకసారి రమ్మన్నాను. ఈశాన్య రాష్ట్రాల కుర్రాడు, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నాకు హిందీ అంతంతమాత్రం, అతనికి తెలుగు సున్నా. వెళ్లి సీసాలు తెచ్చి టేబుల్ మీద పెట్టాడు, దాపరికం ఏమీ లేదు. ఒక సీసా తిప్పి చూశాను. వెనకాల కొరియా అక్షరాల మీద దిగుమతిదారు అంటించిన తెల్ల స్టిక్కర్, అందులో లైసెన్సు నంబరు, నెత్తళ్లు, ఉప్పు అని ఇంగ్లీషులో రెండే వస్తువులు, పక్కన గోధుమరంగు చతురస్రంలో గోధుమరంగు త్రికోణం. మాంసాహారం గుర్తు అదే. సీసా మీద అది ఉంది. ఆ సీసా రసంతో చేసిన వంట పక్కన మెనూలో పచ్చచుక్క ఉంది. ఈ ఉత్తరం రాయడానికి కారణం ఇదే.

మన దేశంలో ఆహార నిబంధనల ప్రకారం చేప, రొయ్య, గుడ్డు ఏది కలిసినా అది మాంసాహారమే. పాలు, తేనె లాంటి వాటికి మాత్రమే మినహాయింపు. చికెన్ వేయకపోతే వెజ్ అన్నది ఎక్కడా లేదు. ఒక చెంచా అయినా, ఒక చుక్క అయినా లెక్క ఒకటే.

ఓనర్‌తో మాట్లాడితే, "కొరియన్ ఫుడ్ అంటే అంతే సార్, అది లేకపోతే టేస్ట్ రాదు" అన్నాడు. ఆ మాట ఒప్పుకోను. కొరియాలో బౌద్ధ మఠాల వంట అని ఒకటుంది. మాంసం, చేప ఉండవు సరికదా, వెల్లుల్లి, ఉల్లి జాతివి కూడా వాడరు. అక్కడా కిమ్చీ పెడతారు, నెత్తళ్ల రసం బదులు సోయా సాస్‌తో. పులుసులకు ఎండు పుట్టగొడుగులు, సముద్రపు నాచు మరిగిస్తారు. మా క్యాంటీన్ మాస్టర్ కూడా లోకల్ స్టాఫ్ కోసం కిమ్చీ వేరే డబ్బాలో పెట్టి, మూత మీద మార్కర్‌తో గీత గీసేవాడు. దానికి ఖర్చు ఒక మార్కర్ పెన్ను. ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం కోసం వెతికేవాళ్లు తిరుపతిలో ఎందరో. మఠాల వంట పద్ధతిలో నాలుగు రకాలు పెడితే ఆ ఓనర్ గల్లాపెట్టే నిండుతుంది.

ఇది శాకాహారుల గొడవ ఒక్కటే అనుకోవద్దు. సముద్రపు నాచులో అన్నం చుట్టి చేసే కింబాప్ చుట్టల్లో మామూలుగా హామ్ పెడతారు, అంటే పంది మాంసం. క్రాబ్ స్టిక్ అని ఎర్రగా ఉండేది పీత కాదు, చేప ముద్ద. కొన్ని నూడుల్స్ ప్యాకెట్ల సూప్ పొడిలో బీఫ్ ఉంటుంది. చికెన్, మటన్ తినేవాళ్లలోనూ ఇవి ముట్టనివాళ్లున్నారు. రొయ్యలు పడక ఒళ్లు దద్దుర్లెక్కేవాళ్ల సంగతి మరీ ప్రమాదం.

బిల్లు గురించి రెండు ముక్కలు. కొరియాలో ఆ చిన్న గిన్నెల్లోవి భోజనంతోపాటే, అయిపోతే మళ్లీ పెడతారు, డబ్బులడగరు. ఇక్కడ రెండోసారి పెట్టిన మొలకలకు తొంభై రూపాయలు వేశారు. పెట్టుకోండి, మీ వ్యాపారం మీది, ముందు చెప్పి పెట్టండి. సర్వీస్ చార్జీ మాత్రం బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. అడిగితే తీసేశారు. అడగనివాళ్లు కట్టిపోతున్నారు.

ఈ హోటళ్లు మూతబడాలని నేను కోరుకోవడం లేదు. పెనుకొండలో కొరియా కార్ల కంపెనీ కియా ఉంది, శ్రీసిటీలో ఎల్‌జీ 2025 మే నెలలో శంకుస్థాపన చేసుకుంది. కొరియా వాళ్లూ వస్తారు, వాళ్ల వంటా వస్తుంది, మన పిల్లలు తింటారు. జిల్లా ఆహార భద్రతా అధికారులు ఒకసారి ఈ హోటళ్ల మెనూ కార్డు ఒక చేత్తో, వంటగదిలోని సీసాలు ఇంకో చేత్తో పట్టుకుని సరిచూడాలి. నూనె మరిగిందా, ఫ్రిజ్ చల్లగా ఉందా అన్నవి ఎలాగూ చూస్తారు, దీనికి పట్టేది ఇంకో పది నిమిషాలు. ఓనర్లు ప్రతి వంటకం కింద చేప, రొయ్య, గుడ్డు, పంది, బీఫ్‌లలో ఏది ఉంటే అది తెలుగులో ఒక్క ముక్క అచ్చు వేయించాలి. వడ్డించే పిల్లలకు పనిలో చేరిన రోజే ఆ పట్టిక చేతికివ్వాలి. తినేవాళ్లు కూడా "వెజ్జేనా?" అని ఊరుకోకుండా "చేప రసం పడుతుందా, రొయ్య పడుతుందా?" అని విడిగా అడగాలి. అనుమానం తీరకపోతే సీసా చూపించమనండి. బిల్లు ఫొటో, మెనూ ఫొటో పెట్టి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు చేసుకోవచ్చు. నేను చేశాను.

పేరు ప్రచురించవద్దని మనవి.

- ఒక రిటైర్డ్ స్టోర్‌కీపర్, కొర్లగుంట, తిరుపతి